నిల్వ చెదరకుండా, సేవ ఆగకుండా

మన గుంటూరు, ప్రకాశం మైదానాల జీవితం నిల్వల మీద ఆధారపడిన జీవితం. నల్లరేగడిలో పండిన ప్రత్తి జిన్నింగు మిల్లులో బేళ్లుగా మారి గోదాముకు చేరుతుంది. కళ్లంలో ఎండిన మిరపకాయ టిక్కీలలోకెక్కి శీతల గిడ్డంగిలో ధర కొరకు ఎదురుచూస్తుంది. కృష్ణ నీరు ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచి కాలువలలోకి మళ్లుతుంది. ఈ మూడింటికి తోడు ఇప్పుడు నాలుగవ నిల్వ ఒకటి వచ్చి చేరినది. అది సమాచార నిల్వ. రైతు పొలం వివరము, రేషను కార్డు, బ్యాంకు ఖాతా, విద్యార్థి మార్కుల జాబితా, ఆస్పత్రిలో రోగి చరిత్ర, ఇవన్నీ ఈనాడు కాగితపు కట్టలలో కంటె కంప్యూటర్లలోనే ఎక్కువగా ఉన్నవి.

ఇతరుల సొత్తును మన దగ్గర భద్రపరచి, వారు అడిగినప్పుడు చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించడాన్ని ఉర్దూలో 'అమానత్' అంటారు. మన లెక్కల పుస్తకాలలో కనిపించే 'అనామతు' కూడ ఆ కుటుంబానికి చెందిన మాటయే. ఈ మాటలో రెండు బాధ్యతలు ఇమిడి ఉన్నవి. దాచినది పోకూడదు, అడిగినప్పుడు లేదనకూడదు. సమాచార నిల్వకు కూడ ఈ రెండే ధర్మాలు. మొదటిది చెడితే నష్టం శాశ్వతం. రెండవది చెడితే "సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి" అనే మాట వినిపిస్తుంది. ఒక పూట కూలి మానుకొని బియ్యం కొరకు వరుసలో నిలబడిన స్త్రీకి ఆ మాట ఖరీదు ఒక దినపు వేతనం.

ఈ రెండు ధర్మాలను తప్పకుండా, నిల్వను మోస్తున్న యంత్రాలనే ఒకటొకటిగా మార్చడం ఎట్లు? ఇదియే ఈ పాఠంలో మనం పరిశీలించబోవు విషయం.

మార్చక తప్పని పరిస్థితి

కృష్ణా డెల్టా కాలువలకు ఒక సౌకర్యం ఉన్నది. పంటకాలం ముగిసిన పిమ్మట వేసవిలో కాలువలు కట్టివేస్తారు. పూడిక తీయడం, లాకులు బాగుచేయడం, గట్లు పటిష్ఠం చేయడం అప్పుడే జరుగుతుంది. నీటి అవసరం తగ్గిన కాలమే మరమ్మతు కాలం. సమాచార నిల్వకు అటువంటి వేసవి లేదు. అర్ధరాత్రి గుండెనొప్పితో వచ్చిన రోగి పాత రికార్డు ఆ క్షణమే కావలెను. మనకు తెల్లవారుజాము అయినప్పుడు అమెరికాలో ఉన్న తెనాలి యువకుడు తన తల్లికి డబ్బు పంపుతూ ఉంటాడు. కట్టివేయుటకు వీలులేని కాలువ ఇది.

అట్లని మార్చకుండా ఉంచడమూ సాధ్యం కాదు. డిస్కులు అరిగిపోతవి. పాత సాఫ్ట్‌వేరులో లోపాలు బయటపడుతవి. వాటి గుండా దొంగలు ప్రవేశిస్తారు. తయారీదారులు కొన్ని సంవత్సరాల తరువాత పాత రూపాలను సవరించడం మానివేస్తారు. నిల్వ చేయవలసిన సమాచారమా, ఏటికేడు పెరుగుతూనే ఉంటుంది. కనుక మార్పు తప్పదు, ఆపడం కూడదు. ఈ చిక్కును మన నేల మీద ముందుగా ఎదుర్కొన్నవారు కంప్యూటరు ఇంజనీర్లు కారు, నీటిపారుదల ఇంజనీర్లు. అందుచేత పాఠాన్ని వారి దగ్గరనుండే ప్రారంభించుట ఉచితమని మేము తలచినాము.

గేట్లు నేర్పిన పాఠాలు

ప్రకాశం జిల్లాలో మల్లవరం వద్ద గుండ్లకమ్మ నదిపై ఒక జలాశయం ఉన్నది. సుమారు 80 వేల ఎకరాల ఆయకట్టును ఉద్దేశించి నిర్మించిన ఈ జలాశయం 2008లో ప్రారంభమైనది. 2022 ఆగస్టు నెలాఖరున దాని మూడవ గేటు కొట్టుకుపోయినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లిన కొద్దిరోజులకే రెండవ గేటు కొట్టుకుపోయినది. చెడినది ఒక్కొక్క తలుపే. కాని ఆ ఒక్క తలుపు గుండా పోయిన నీరు అందరిదీ.

2021 ఆగస్టు 5వ తేదీ తెల్లవారుజామున పులిచింతల ప్రాజెక్టులో పదహారవ గేటు ఊడిపోయినది. 24 గేట్లు, 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యం గల ఆ జలాశయం అప్పటికి దాదాపు నిండి ఉన్నది. పోయిన గేటు స్థానంలో తాత్కాలికంగా స్టాప్‌లాగ్ నిలుపవలెనన్నచో నీటిమట్టం దిగవలెను. అందువలన మిగిలిన గేట్లను కూడ ఎత్తి నీటిని దిగువకు వదలవలసి వచ్చినది. స్టాప్‌లాగ్ అనగా గేటుకు ముందున్న గాడిలో ఒకదానిపై ఒకటి దించే ఉక్కు పలకల వరుస. అది నిలిచిన తరువాత దాని వెనుక నిశ్చింతగా గేటు పని చేసుకొనవచ్చును.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోసపేట వద్ద తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినది. మొత్తం గేట్లు 33. సిద్ధంగా ఉంచిన స్టాప్‌లాగ్ లేనందున ఉక్కు పలకలను అప్పటికప్పుడు తయారుచేయించవలసి వచ్చినది. అనుభవజ్ఞుడైన ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, జలాశయాన్ని పూర్తిగా ఖాళీ చేయకుండానే, పారుతున్న నీటిలో ఆ పలకలను ఒకటొకటిగా దించి ఆగస్టు 17 నాటికి నీటిని ఆపగలిగినారు. కర్నూలు, అనంతపురం, బళ్లారి, రాయచూరు ప్రాంతాల రైతులు ఊపిరి పీల్చుకున్నారు.

తరువాత మూడు వారాలైనా గడవకముందే మన ముంగిటనే మరొక పరీక్ష ఎదురైనది. 2024 సెప్టెంబరు మొదటివారంలో కృష్ణకు వచ్చిన వరద ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటినది. పైనుండి కొట్టుకువచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నవి. బ్యారేజీకి ఉన్న 70 గేట్లలో దెబ్బతిన్నవి ఏ రెండు మూడో. వరద ఇంకా పారుచుండగనే, దెబ్బతిన్న భాగాన్ని మాత్రం పనికి వేరుచేసి, కొత్త కౌంటర్ వెయిట్లను కొద్దిరోజులలో అమర్చినారు. మిగిలిన గేట్లు తమ పని తాము చేయుచునే ఉన్నవి.

ఈ నాలుగు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మూడు సూత్రాలు తేటపడుతున్నవి. ఒకటి: పనిని అనేక భాగాలు పంచుకొన్నచో ఒక భాగాన్ని పక్కకు తీయవచ్చును. రెండు: ఆ భాగం లేని వేళ దాని స్థానాన్ని నిలబెట్టే ఏర్పాటు ముందే చేతిలో ఉండవలెను, ప్రమాదం జరిగిన రాత్రి కొలిమి రగిలించుట ఆలస్యమే. మూడు: మిగిలిన భాగాలపై పడే బరువు వాటి శక్తికి లోబడి ఉండవలెను. నిండుకుండ వలె ఉన్న జలాశయంలో చిన్న మరమ్మతైనా పెద్ద కష్టం.

వితరణ నిల్వ అనగానేమి?

ఇక సమాచార నిల్వకు వద్దాము. ఒకే కంప్యూటరులో అన్నియు దాచినచో అది చెడిన దినమున అన్నియు చెడును. అందుచేత అనేక సర్వర్లను తీగలతో కలిపి, వాటన్నింటిని ఒకే గిడ్డంగిగా పనిచేయించే పద్ధతి వచ్చినది. దీనిని డిస్ట్రిబ్యూటెడ్ స్టోరేజీ క్లస్టర్ అంటారు. తెలుగులో వితరణ నిల్వ సముదాయం అనవచ్చును. గూగుల్ సంస్థవారు తమ నిల్వ పద్ధతిని వివరిస్తూ 2003లో ప్రకటించిన పత్రం ఈ మార్గంలో ఒక మైలురాయి. ఆ బాటలోనే 2006లో హడూప్ అవతరించినది. అదే సంవత్సరం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంతాక్రజ్ శాఖలో పరిశోధన చేస్తున్న సేజ్ వైల్, ఆయన సహచరులు సెఫ్ అనే మరొక పద్ధతిని వివరించే పత్రం ప్రకటించినారు. ఈ రెండును ఎవరైనను ఉచితంగా తీసుకొని వాడుకొనదగిన సాఫ్ట్‌వేర్లు. జెనీవా సమీపాన ఉన్న సెర్న్ పరిశోధనాలయం సెఫ్‌ను 2013 నుండి వాడుతున్నది.

ఇక్కడ నీటికిని సమాచారానికిని ఉన్న ఒక పెద్ద తేడాను విద్యార్థులు గుర్తించవలెను. ఒక చుక్క నీరు ఒకచోటనే ఉండగలదు. సమాచారానికి నకలు తీయవచ్చును. వితరణ నిల్వ యొక్క బలమంతయు ఈ నకలులోనే ఉన్నది. సెఫ్‌లోను, హడూప్‌లోను మామూలుగా ప్రతి సమాచార ఖండానికి మూడు ప్రతులు ఉంచుతారు. హడూప్ పెద్ద ఫైలును సాధారణంగా 128 మెగాబైట్ల ఖండాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఖండపు మూడు ప్రతులను వేర్వేరు సర్వర్లలో దాచుతుంది.

మూడు ప్రతులు ఉన్నంత మాత్రాన చాలదు. అవి ఎక్కడ ఉన్నవన్నది ముఖ్యం. పొలం దస్తావేజు అసలు, దాని నకలు, నకలుకు నకలు, మూడింటిని ఒకే పూరింటిలో ఒకే పెట్టెలో పెట్టిన రైతుకు ఎండాకాలపు నిప్పు ముందు మూడు ప్రతులు ఒక ప్రతితో సమానం. ఒక ప్రతి ఇంట, ఒకటి బ్యాంకు లాకరులో, ఒకటి పొరుగూరి కూతురి వద్ద ఉన్నచో ఒక్క నిప్పురవ్వ మూడింటిని కాల్చజాలదు. క్లస్టరులో కూడ ఒకే సర్వరులో, ఒకే బీరువాలో, ఒకే విద్యుత్ తీగపై మూడు ప్రతులు పడకుండా ముందుగానే నియమం వ్రాసి ఉంచుతారు. ఒకేసారి కలిసి పడిపోగల వస్తువుల గుంపు ఏదో తెలిసికొనుట ఈ విద్యలో మొదటి మెట్టు.

సర్వర్లలో ఏవి బ్రతికి ఉన్నవి, ఏ ప్రతి ఎక్కడ ఉన్నది అనే లెక్కను సెఫ్‌లో కొన్ని పర్యవేక్షక యంత్రాలు చూస్తవి. వీటిని మానిటర్లు అంటారు. వీటి సంఖ్య సాధారణంగా మూడో, అయిదో, బేసిగా ఉంటుంది. కారణం సులభం. ఏ నిర్ణయమైనను సగానికి మించినవారి అంగీకారంతోనే చెల్లును. ముగ్గురిలో ఇద్దరు, అయిదుగురిలో ముగ్గురు. నలుగురు ఉన్నచో మెజారిటీకి ముగ్గురు కావలెను గనుక ఒక్కరు పోవుటనే తట్టుకొనగలము, ముగ్గురున్నప్పుడును అంతే. నాలుగవవాని వలన అదనపు రక్షణ లేదు.

ఖాళీ అనేది వృథా కాదు

క్లస్టరును ఉన్నతీకరించే రోజున ఏమి చేయవలెనని చాలామంది అడుగుతారు. ఆ రోజుకు ముందు ఏమి సమకూర్చినారన్నదే అసలు ప్రశ్న. ఒక చిన్న లెక్కతో దీనిని విశదపరచెదము.

ఒక సంస్థ వద్ద ఆరు సర్వర్లు ఉన్నవనుకొందము. ఒక్కొక్కదాని సామర్థ్యం 10 టెరాబైట్లు, మొత్తం 60. మూడు ప్రతులు కనుక అసలు సమాచారం గరిష్ఠంగా 20 టెరాబైట్లు పట్టును. పొదుపరి అయిన అధికారి ఒకరు "20 పట్టునుగదా, 18 నింపుదము" అన్నారనుకొనుడు. అప్పుడు 54 టెరాబైట్ల చోటు నిండినది. ఒక సర్వరు శాశ్వతంగా చెడినచో మిగిలిన అయిదింటి మొత్తం సామర్థ్యమే 50. పోయిన ప్రతులను తిరిగి వ్రాయుటకు చోటు లేదు. క్లస్టరు పనిచేస్తున్నట్లే కనిపించును గాని గాయం మానదు.

అదే 12 టెరాబైట్ల సమాచారమే ఉన్నచో 36 టెరాబైట్లు నిండును. ఒక సర్వరు పోయినను మిగిలిన 50లో 36, అనగా నూటికి 72 వంతులు. గాయం దానంతట అదే మానిపోవును. సెఫ్ సాధారణంగా నూటికి 85 వంతులు నిండగానే హెచ్చరిక చేస్తుంది. 95 నిండగానే కొత్తగా వ్రాయుటను నిరాకరిస్తుంది. ఒక సర్వరు పోయిన తరువాత కూడ 85 దాటకూడదని నియమం పెట్టుకొన్నచో, 50లో నూటికి 85 వంతులు 42.5 టెరాబైట్లు. దానిని మూడు ప్రతులతో భాగించగా దాదాపు 14. అనగా 60 కొన్నవారు నిశ్చింతగా వాడదగినది 14 మాత్రమే.

ఈ లెక్క చూచినప్పుడు ధనం మంజూరు చేయువారికి ఆశ్చర్యం కలుగుట సహజం. మిగిలిన చోటంతయు వృథా అనిపించవచ్చును. గాడిలో దించకుండా గట్టున పడియున్న స్టాప్‌లాగ్ కూడ ఏళ్ల తరబడి వృథాగానే కనిపిస్తుంది. దాని విలువ తెలియునది ఒక్క రాత్రి మాత్రమే.

పని నడిపించు క్రమం

ఏర్పాట్లు ఉన్నవనుకొని ఇక పనిలోకి ప్రవేశించెదము.

మొదట ఆరోగ్య పరీక్ష. రోగిష్టి శరీరానికి శస్త్రచికిత్స చేయరు గదా. అన్ని ప్రతులు పూర్తిగా ఉన్నవని, ఏ డిస్కును మూలుగుట లేదని, అన్ని మానిటర్లు ఏకాభిప్రాయంతో ఉన్నవని క్లస్టరు స్వయంగా చెప్పవలెను. సెఫ్‌లో ఈ స్థితిని "హెల్త్ ఓకే" అను మాటతో సూచిస్తారు. ఆ మాట వచ్చువరకు ఏ పనియు ఆరంభించరాదు.

రెండవది, కొత్త రూపపు విడుదల పత్రాన్ని పూర్తిగా చదువుట. ఎన్ని మెట్లు ఒకేసారి ఎక్కవచ్చునో అందులో ఉంటుంది. సెఫ్‌లో 2022 నాటి క్విన్సీ రూపంనుండి 2023 నాటి రీఫ్‌కు గాని, 2024 నాటి స్క్విడ్‌కు గాని నేరుగా పోవచ్చును. అంతకంటె పాతవారు స్క్విడ్‌కు చేరవలెనన్నచో మధ్యలో మజిలీ చేయవలసినదే.

మూడవది, అదే క్రమాన్ని పనికిరాని సమాచారంతో ఒక చిన్న క్లస్టరుపై చేసి చూచుట.

నాలుగవది, వేళను ఎంచుకొనుట. వేసవి లేదని పైన అన్నాము. అయినను బరువు తగ్గు గంటలు ఉండకపోవు. పరీక్షా ఫలితాలు వెలువడు రోజున విశ్వవిద్యాలయపు నిల్వను, యార్డుకు మిరప ముమ్మరంగా వచ్చు నెలలలో గిడ్డంగుల లెక్కలను ముట్టుకొనరాదు.

తరువాత అసలు పని. చేతితో చేయునప్పుడు సెఫ్‌లో పాటించు వరుస ఇది: ముందు మానిటర్లు, తరువాత మేనేజర్లు, పిమ్మట సమాచారాన్ని దాచు డిస్కు సేవలు, చివరకు వాడుకదారులకు ఎదురుగా ఉండు ద్వారాలు. ప్రతి వర్గంలోను ఒకసారికి ఒకటే. మూడు మానిటర్లలో ఒకదానిని ఆపి, కొత్త సాఫ్ట్‌వేరు పెట్టి, తిరిగి లేపి, అది మిగిలిన ఇద్దరితో కలిసినదని నిర్ధారించుకొనిన తరువాతనే రెండవదానిని తాకవలెను.

డిస్కు సేవల వద్ద ఒక సున్నితమైన అంశం ఉన్నది. మిరప కోతకు ముఠా దిగినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు అప్పగిస్తారు. ఒక స్త్రీ మంచినీళ్లకై గట్టుకు పోయినంతనే మేస్త్రీ ఆమె సాలును ఇతరులకు పంచడు. పంచినచో ఆమె తిరిగివచ్చునప్పటికి అందరి వరుసలు తారుమారు. ఆమె ఇక రాదని తెలిసినప్పుడే పంచుతాడు. సెఫ్ కూడ ఒక డిస్కు మౌనం వహించినచో సాధారణంగా 600 సెకండ్లు, అనగా 10 నిమిషాలు, వేచి చూస్తుంది. అప్పటికిని రానిచో దాని ప్రతులను ఇతర డిస్కులలో తిరిగి వ్రాయ మొదలుపెడుతుంది. మనం కోరి ఆపిన సర్వరు విషయంలో ఈ తొందర అనవసరం. అందుచేత పనికి ముందు "నోఅవుట్" అను సూచన పెట్టి, ఇతను నీళ్లకు పోయినాడు, సాలు పంచవద్దు అని క్లస్టరుకు చెప్పుతారు. పని ముగిసిన వెంటనే ఆ సూచనను తొలగించవలెను. తొలగించుట మరచినచో, రేపు నిజంగా చెడిన డిస్కు కొరకు కూడ క్లస్టరు ఎదురుచూస్తూ కూర్చుండును.

ఒక సర్వరు ఆగినప్పుడు ఆ సర్వరులోని ఖండాలకు రెండేసి ప్రతులు మిగులును. మామూలు అమరికలో రెండు ప్రతులు ఉన్నంతవరకు చదువుట, వ్రాయుట సాగును. ఈ స్థితిలో మరొక సర్వరును ఆపినచో కొన్ని ఖండాలకు ఒక్క ప్రతియే మిగులును. అప్పుడు సెఫ్ ఆ ఖండాలపై పనిని తానే నిలిపివేస్తుంది. ఇది చేతగానితనం వలన కాదు. ఒక్క ప్రతిపై కొత్త సంగతి వ్రాసిన తరువాత అదియు చెడినచో ఆ సంగతి లోకంలో మరెక్కడను లేకుండ పోవును. అడిగినప్పుడు ఇవ్వలేకపోవుట దోషమే. కాని దాచినది శాశ్వతంగా పోగొట్టుట అంతకు మించిన దోషం. అమానత్ యొక్క రెండు ధర్మాలకు పోటీ వచ్చినప్పుడు ఏది ముందో యంత్రానికి కూడ నేర్పినారన్నమాట.

కనుక సూత్రం ఒక్కటే: ఒకదానిని మార్చుము, అది కోలుకొనువరకు ఆగుము, సముదాయమంతయు ఆరోగ్యంగా ఉన్నదని చూచి రెండవదానికి పొమ్ము. ఒక సర్వరు లేచినంతనే పని అయినట్లు కాదు. అది నిద్రలో ఉన్నప్పుడు మిగిలినవి వ్రాసుకొన్న కొత్త సంగతులను కూడ అది అందుకొనవలెను. మూడవ సర్వరు, నాలుగవ సర్వరు వద్ద అంతయు సాఫీగా సాగుచున్నప్పుడే మనుష్యునికి తొందర పుట్టును. రెండు రెండుగా చేసిన త్వరగా ముగియునుగదా అనిపించును. ముందు తీసికొన్న జాగ్రత్త అంతయు నీరుగారు స్థలం అదియే.

వెనుకకు మరలు మార్గం

ఏ నదినైనను దాటువారు ఎంతవరకు వెనుకకు రావచ్చునో తెలిసికొని దిగుతారు. ఇక్కడను అంతే. 2014లో హడూప్ 2.4 రూపంతో వచ్చిన పద్ధతిలో ఈ విషయానికి స్పష్టమైన ఏర్పాటు ఉన్నది. పని ఆరంభంలో సిద్ధపరచుట అనే ఘట్టం వచ్చును. అప్పుడు పాత స్థితికి ఒక ముద్ర తీసి ఉంచుతారు. సర్వర్లన్నియు మారిన పిమ్మట కొన్ని దినాలు పరిశీలించి, తృప్తి కలిగిన తరువాతనే ముగింపు పలుకుతారు. అంతవరకు తిరిగిపోవు దారులు రెండు. ఒకటి, ఇప్పటివరకు చేరిన సమాచారాన్ని ఉంచుకొని పాత సాఫ్ట్‌వేరుకు మాత్రం దిగుట. రెండవది, సమాచారాన్ని కూడ ఆరంభపు ముద్రకే మరలించుట. రెండవదానిలో సేవ ఆపవలెను. మధ్యకాలంలో వ్రాసినదంతయు పోవును. ముగింపు పలికిన తరువాత ఈ రెండు దారులు మూసుకొనును.

సెఫ్ మరింత కఠినం. మానిటర్లు కొత్త రూపంలోకి మారిన తరువాత పాతదానికి తిరిగిపోవుటకు సాధారణంగా ఆధారం ఉండదు. అన్ని డిస్కు సేవలు మారిన తరువాత "ఇకపై ఈ రూపానికి తక్కువైనవారికి ప్రవేశం లేదు" అను ఆజ్ఞ జారీ చేయుటతో తలుపు పూర్తిగా పడును. కాబట్టి ఈ పద్ధతిలో ధైర్యం ప్రదర్శించవలసిన స్థలం మొదటి మానిటరుకు ముందే. సందేహం ఉన్నచో అక్కడే ఆగవలెను.

మూడు ప్రతులు ఉన్నవి గదా, వేరే బ్యాకప్ ఎందుకని కొందరు అడుగుతారు. పొరపాటున ఒక ఫైలును తుడిచివేయమని ఆజ్ఞ ఇచ్చినచో క్లస్టరు విధేయతతో మూడు ప్రతులను తుడిచివేయును. ప్రతులు యంత్రదోషం నుండి కాపాడును. మనుష్యుని చేతినుండి కాపాడజాలవు. అందుకొరకు వేరొక చోట, ఈ క్లస్టరుకు సంబంధం లేని నకలు ఉండవలెను. దానిని తిరిగి చదివి చూచుట కూడ ముఖ్యం. తెరచి చూడని బ్యాకప్ తాళంచెవి లేని పెట్టె వంటిది.

ఇంతవరకు చెప్పినదానిలో చాలభాగాన్ని యంత్రమే చేయు సాధనాలు ఇప్పుడు ఉన్నవి. 2020లో వెలువడిన ఆక్టోపస్ రూపంనుండి సెఫ్‌తో పాటు వచ్చు సెఫ్ఏడీఎం అను సాధనం వరుసను తానే పాటించి, ఒక సేవను ఆపుట క్షేమమా కాదా అని తానే విచారించి ముందుకు పోతుంది. అయినను ఎప్పుడు ప్రారంభించవలెను, ఎప్పుడు ఆపవలెను, ఎంత ఖాళీ కొనవలెను అను నిర్ణయాలు మనుష్యునివే. ప్రతి అడుగును వేళతో సహా పుస్తకంలో వ్రాసికొనుట, ఒకరు చేయుచుండగా రెండవవారు చూచుట వంటి పాత అలవాట్లకు విలువ తగ్గలేదు.

విద్యార్థులకు, కార్యవర్గమునకు

2025 అక్టోబరులో విశాఖపట్నంలో పెద్ద డేటా కేంద్రాన్ని నిర్మించగలమని గూగుల్ సంస్థ ప్రకటించినది. ఇటువంటి కేంద్రాలలో కట్టడం పూర్తయిన తరువాత కావలసినది ఆపకుండా మార్చగల మనుష్యులు. ఈ నైపుణ్యానికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. ప్రయోగశాలలోని ఒక మంచి కంప్యూటరులో నాలుగు కాల్పనిక యంత్రాలను సృష్టించి సెఫ్‌ను నిలుపవచ్చును. విద్యార్థులు ఈ క్రింది అభ్యాసం చేసి చూడవలెనని మా కోరిక. ఒక ఫైలులో ప్రతి సెకండుకు ఒక పంక్తి వ్రాయు చిన్న ప్రోగ్రామును నడుపుచు, ఒక యంత్రాన్ని ఆపి చూడుడు. పంక్తులు సాగుచున్నవా? రెండవదానిని కూడ ఆపి చూడుడు. వ్రాత ఎక్కడ నిలిచినదో, ఎందుకు నిలిచినదో గుర్తించుడు. ఆ తరువాత పద్ధతి ప్రకారం ఒకటొకటిగా అన్నింటిని కొత్త రూపానికి మార్చి, ఒక్క పంక్తియైనను తప్పిపోయినదేమో లెక్కించుడు. ఈ ఒక్క ప్రయోగం పది ఉపన్యాసాలతో సమానం.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ప్రవేశాల పట్టికలు, మార్కుల రిజిస్టర్లు, విద్యార్థివేతనాల పత్రాలు ఏ విద్యాసంస్థకైనను అమానత్ వంటివే. పదేళ్ల తరువాత ఉద్యోగం కొరకు ధృవపత్రం అడుగుతూ వచ్చు పూర్వ విద్యార్థికి "కంప్యూటరు చెడిపోయినది" అను జవాబు ఇవ్వగూడదు. మూడు ప్రతులు, మూడు వేర్వేరు స్థలాలు, ఏటికొకసారి తెరచి చదివి చూచుట. ఇంతకు పెద్ద వ్యయం కాదు. దీనిని వచ్చే విద్యా సంవత్సరపు పనుల జాబితాలో చేర్చవలెనని కోరుచున్నాము.